‘లేదు’ అని రాసే ముందు

చిట్టీ,

పెద్దపేగు క్యాన్సర్ జన్యువుల మీద పరిశోధనకు చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం ఒక్కటే కాదు, భయం కూడా. ముప్పై ఏళ్లు ఆ పనిలో ఉన్నదాన్ని కదా.

గణాంకశాస్త్రం ఇప్పుడే గట్టిగా నేర్చుకో, తర్వాత తీరిక దొరకదు. ప్రోగ్రామింగ్ పూర్తిగా ఇతరులకు వదిలేయకు. ట్యూబు మీద అంకె రెండుసార్లు చూడు. వారానికి ఒక పూటైనా పాథాలజిస్టు పక్కన కూర్చుని కణితిని మైక్రోస్కోపులో చూడు.

వంశవృక్షం మాత్రం నీ చేత్తో నువ్వే గీయి, ఇంటివాళ్లు చెబుతుండగా. మన విద్య యంత్రాలతో మొదలు కాలేదు. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో కుట్టుపని చేసుకునే ఒక స్త్రీ, మా ఇంట్లో అందరూ ఇలాగే పోతున్నారు, నేనూ క్యాన్సర్‌తోనే పోతానని వార్థిన్ అనే పాథాలజిస్టుతో అంది. ఆయన ఆ మాట కొట్టిపారేయకుండా కుటుంబమంతటి వివరాలు రాసుకున్నాడు. ఆమె అన్నట్టే చిన్న వయసులో పోయింది. వాళ్ల ఇంట్లో ఉన్నది, డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే ఎంఎస్‌హెచ్2 అనే జన్యువులో లోపమని వందేళ్లు దాటాక తేలింది.

ఆ ఎంఎస్‌హెచ్2 దగ్గరే నేను తప్పు చేశాను. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1997లో మా ప్రయోగశాలకు ఒక కుటుంబం వచ్చింది. మూడు తరాల్లో నలుగురికి పేగు క్యాన్సర్, వాళ్లలో ఇద్దరికి యాభై నిండకముందే. వంశంలో వచ్చే పేగు క్యాన్సర్‌ను గుర్తించే ఆమ్‌స్టర్‌డామ్ ప్రమాణాలకు అచ్చంగా సరిపోయింది. తల్లి అప్పటికే లేదు. ముప్పై ఒక్క ఏళ్ల కూతురి రక్తంతో మొదలుపెట్టాను. ఎంఎస్‌హెచ్2ను, అదే పని చేసే ఎంఎల్‌హెచ్1 జన్యువును ఒక్కో ఎక్సాన్ (ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్క) చొప్పున చదివాను. డీఎన్‌ఏ అక్షరాలు గీతలుగా పడిన ఫిల్మును లైట్ బాక్సు మీద పరచి, నాలుగు వరసల నల్లటి గీతలను వేలితో లెక్కపెడుతూ మూడు నెలలు గడిపాను. ఎక్కడా తేడా లేదు. గీతలు అంత తేటగా వచ్చినందుకు మురిసిపోయాను కూడా. నివేదిక చివర ‘మ్యుటేషన్ లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆమె కొలనోస్కోపీకి, అంటే గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే పరీక్షకు, వెళ్లడం మానేసింది. లేదని రాసి ఇచ్చాక ఎందుకు వెళ్తుంది? ఆరేళ్లకు కుడివైపు పేగులో కణితితో వచ్చింది. అప్పటికి ఎంఎల్‌పీఏ పద్ధతి అందుబాటులోకి వచ్చింది. జన్యువులో ఒక్కో ముక్కకు ఎన్ని ప్రతులున్నాయో అది లెక్కపెడుతుంది. చూస్తే, తల్లి నుంచి వచ్చిన ప్రతిలో మొదటి కొన్ని ఎక్సాన్లు మొత్తంగా ఎగిరిపోయి ఉన్నాయి. నా ఫిల్ము మీద పడింది తండ్రి ఇచ్చిన మంచి ప్రతి ఒక్కటే. ముక్కకు ముక్కే పోతే చదవడానికి అక్కడ ఏమీ ఉండదు, రెండో ప్రతి గీతలే చక్కగా కనిపిస్తాయి.

ఆసుపత్రి మంచం మీద ఆమె నన్ను తిట్టలేదు. “మీరు లేదన్నారు కదండీ” అంది.

ఆనాటి పద్ధతికి అంత శక్తి లేదని తోటివారు ఓదార్చారు. అది నిజమే. కానీ ‘లేదు’ అన్న మాట రాసింది పద్ధతి కాదు, నేను. ‘ఈ పద్ధతిలో కనబడలేదు, కుటుంబ చరిత్రను బట్టి కొలనోస్కోపీ మానవద్దు’ అని రాయాల్సింది. ఇలాంటి కుటుంబాల్లో క్రమం తప్పని కొలనోస్కోపీతో పేగు క్యాన్సర్ సగానికి పైగా తగ్గిందని ఫిన్లాండ్ వైద్యులు చూపించారు. ఆ రక్షణను నా ఒక్క వాక్యం ఆమెకు దూరం చేసింది. శస్త్రచికిత్స తర్వాత ఆమె కోలుకుంది. పెద్దయ్యాక పిల్లలిద్దరినీ నా దగ్గరికే పరీక్షకు పంపింది. ఆ రోజు ప్రయోగశాల తలుపు వేసుకుని ఏడ్చాను.

ఇప్పటి యంత్రాలు అన్నీ చదివేస్తాయి పెద్దమ్మా అంటావు. అనకు. ఇలాంటి మరమ్మతు జన్యువే అయిన పీఎంఎస్2కు దాన్ని పోలిన నకిలీలు ఉన్నాయి. చిన్న ముక్కలుగా చదివితే ఏది అసలో ఏది నకలో తేల్చడం నేటికీ కష్టమే. పైగా దొరకనిదాన్ని దొరకలేదనే చెప్పి ఊరుకోకుండా వెతికినవాళ్లకు కొత్త జబ్బే కనిపించింది. బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకుల ముందు, ముగ్గురు తోబుట్టువులకు పేగులో కణితులు వచ్చిన కుటుంబం ఉండేది. అలాంటి కణితులకు తెలిసిన కారణమైన ఏపీసీ అనే జన్యువులో వారసత్వ లోపమేదీ దొరకలేదు. అయినా కణితుల్లోని మార్పులు ఒకే తీరున ఎందుకున్నాయని తరచి చూశారు. 2002లో ఎంయూటీవైహెచ్ అనే మరో జన్యువులోని లోపం బయటపడింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న ప్రతి వస్తేనే ఆ జబ్బు వస్తుంది. అందుకే, తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నారు కదా అని ఏ కుటుంబం ఫైలునూ మూసేయకు.

వేళకు తిను. రాత్రి రెండింటికి వచ్చిన ఫలితాన్ని నమ్మకు, తెల్లారాక మళ్లీ చూడు. నువ్వు చిన్నప్పుడు నా లైట్ బాక్సు మీద రంగు కాగితాలు పెట్టి ఆడుకునేదానివి, గుర్తుందా? దాన్ని నీకోసం తుడిచి ఉంచాను. పనికి రాకపోయినా పట్టుకెళ్లు.

మొదటిసారి ఒక కుటుంబానికి నివేదిక రాసినప్పుడు, సంతకం పెట్టే ముందు నాకు ఫోను చెయ్యి. పేర్లు వద్దు, వివరాలు వద్దు. చివరి వాక్యం ఒక్కటి చదివి వినిపించు. అర్ధరాత్రయినా మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ