టెక్ సందేహాలు: రాత్రిపూట గుప్పుమనే ఆ చెట్టు పేరేంటి?

ప్రశ్న: మేం విశాఖపట్నంలో ఉంటాం. అక్టోబరు వచ్చిందంటే చాలు, సాయంత్రం నుంచి వీధంతా ఘాటైన పూల వాసన. చెట్టేమో బాగా ఎత్తు. ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే ఒకసారి ఆకాశమల్లె అంటోంది, ఇంకోసారి ఏడాకుల పాల అంటోంది. ఏది నమ్మాలి? ఇంతకంటే మంచి యాప్ ఉందా?

జవాబు: ముందు ఫొటో మార్చండి, యాప్ సంగతి తర్వాత. వాసన వచ్చేది రాత్రి కాబట్టి చాలామంది ఫొటో కూడా అప్పుడే తీస్తారు. ఫ్లాష్ వెలుగుకి తెల్లపూలు వట్టి మచ్చల్లా పడతాయి. కింద నుంచి జూమ్ చేస్తే ఆకుల అమరిక కనబడదు. అలాంటి ఫొటోతో ఏ యాప్ అయినా ఊహించి చెప్పాల్సిందే.

పొద్దున్నే వెళ్లి, కింద రాలిన పూలను అరచేతిలో పెట్టుకుని దగ్గరగా ఒక ఫొటో తీయండి. అందే కొమ్మ ఉంటే, కాడకు ఆకులు ఎలా అతుక్కున్నాయో తెలిసేలా ఇంకోటి. బెరడు ఒకటి, కాయలుంటే అవీ. ఈ ఫొటోలన్నీ ప్లాంట్‌నెట్ యాప్‌లో ఒకే వెతుకులాటలో కలిపి ఇవ్వొచ్చు. ఏది ఆకు, ఏది పువ్వు, ఏది బెరడు అని కూడా దానికి చెప్పొచ్చు. చెట్ల విషయంలో లెన్స్ కంటే దీన్నే ముందు వాడమంటాను. ఫలితంలో మొదటి పేరు పక్కన ఉన్న శాతం చూసి ఆగిపోకండి. ఆ పేరు నొక్కితే వచ్చే ఫొటోలను మీ చెట్టుతో మీరే పోల్చుకోండి.

మీకు వచ్చిన రెండు పేర్ల మధ్య తేడా తేల్చడం సులువే. ఏడాకుల పాలకు కొమ్మ చుట్టూ ఒకేచోట నాలుగు నుంచి ఏడు దాకా ఆకులు గొడుగులా విచ్చుకుని ఉంటాయి. పూలు చిన్నవి, కాస్త ఆకుపచ్చ కలిసిన తెలుపు, గుత్తులుగా పూస్తాయి. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కళ్లకు, నోటికి తగలనివ్వకండి. ఆకాశమల్లెకైతే ఆకు చిన్న చిన్న రెమ్మలుగా చీలి ఉంటుంది. పువ్వుకి పొడవాటి సన్నని కాడ. తెల్లారేసరికి పూలు చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉంటాయి. కాడమల్లె అని కూడా అనేది దీన్నే.

మీరు విశాఖ అంటున్నారు కాబట్టి నా అనుమానం ఏడాకుల పాల మీదే. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేశాక నగరంలో వీటిని పెద్ద ఎత్తున నాటారు. ఆ వాసన పడక తలనొప్పి అనేవాళ్లూ ఉన్నారు, ఆ వాసన కోసమే ఆ దారిన నడిచేవాళ్లూ ఉన్నారు. నేను రెండో రకం. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం ఇదే. శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో పట్టభద్రులకు ఆనవాయితీగా ఇస్తూ వచ్చిందీ ఈ ఆకుల రెమ్మే. మన వీధి చెట్టుకి ఇంత గౌరవం ఉందని పిల్లలకు తప్పక చెప్పండి.

ఇంకా అనుమానం మిగిలితే ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఆ ఫొటోలే పెట్టండి. అక్కడ చెట్ల గురించి బాగా తెలిసిన మనుషులే ఫొటో చూసి పేరు చెబుతారు. ఒకరు తప్పు చెప్పినా ఇంకొకరు సరిదిద్దుతారు.

ప్రశ్న: ఇలా ఫొటో పెడితే మా ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోదా? అదే టెన్షన్.

జవాబు: ఫొటోలో లొకేషన్ వివరాలుంటే ఐనాచురలిస్ట్ మ్యాప్‌లో ఆ చోటు కనిపిస్తుంది. పోస్ట్ చేసేటప్పుడు జియోప్రైవసీ అనే సెట్టింగ్‌లో ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకోండి. అప్పుడు అసలు చోటుకి బదులు ఆ చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతంలో ఎక్కడో ఒక గుర్తు పడుతుంది. అది కూడా వద్దనుకుంటే వాళ్లదే ‘సీక్’ యాప్ ఉంది. దానికి ఖాతా అక్కర్లేదు, పోలిక అంతా ఫోన్‌లోనే జరుగుతుంది. పిల్లల చేతికి ఇవ్వడానికి నేను సూచించేది దాన్నే.