జిప్సం గోడకు పెద్ద టీవీ బిగించొచ్చా? మా ఇంట్ల జరిగింది చెప్తున్న

"హాలును జిప్సం బోర్డుతో రెండు చేయించిన, ఆ పార్టిషన్‌కే 55 అంగుళాల టీవీ పెట్టాలె, నాలుగు గిట్టీలు (స్క్రూ పట్టుకోనీకి బొక్కల కొట్టే ప్లగ్గులు) ఎక్కువ కొడితే ఆగదా?" అని ఒకన్న అడిగిండ్రు కదా. పది కొట్టినా ఆగదు అన్నా. హన్మకొండల నేను ఆ పనే చేసి కూసున్న.

బిగించనీకి వచ్చిన పిల్లగాడు రోజూ ఇటుక గోడలకు కొట్టేటోడు. డ్రిల్లు ఆనించంగనే బిట్టు సర్రున లోపలికి పోయింది. ఎర్ర పొడి రావాల్సిన కాడ తెల్లటి సుద్ద రాలింది. అక్కడనే ఆపాల్సింది. "ఏం కాదన్నా" అన్నడు, నేనూ తలూపిన. మూడు వారాలకు మా అమ్మ "టీవీ ముందటికి వంగినట్టు కొడుతుందేందిరా?" అన్నది. పోయి చూస్తే పై స్క్రూల కాడ బోర్డు పొక్కి, కాగితం చిరుగుతున్నది. బావ వచ్చి విప్పేదాక కింద చేతులు పెట్టి అట్లనే నిలబడ్డ. టీవీ బతికింది, గోడకు ఇడ్లీ ప్లేటంత బొక్క పడ్డది.

మామూలు బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లే. నడుమ సుద్ద, అటూ ఇటూ కాగితం. బరువు నిలువుగ కిందికి దిగితే కొంత ఓర్చుకుంటది గని, ముందటికి గుంజితే ఓర్వదు. ముందటికి లాగి తిప్పుకునే స్టాండు కావాలన్నది నేనే, ఆ తప్పు పిల్లగానిది కాదు. లెక్క చూడండి: టీవీ 18 కిలోలు, స్టాండు చెయ్యి గోడ నుంచి 50 సెంటీమీటర్లు బయటికొస్తే, పై స్క్రూలకూ కింది స్క్రూలకూ నడుమ 20 సెంటీమీటర్లుంటే, పై వాటి మీద 45 కిలోల గుంజుడు పడుతది. స్టాండు బరువు వేరే. అదే టీవీ గోడకు 5 సెంటీమీటర్ల దూరంల అతుక్కొని ఉంటే నాలుగున్నర కిలోలే. అందుకే ఇప్పుడు మాది కదలని స్టాండు.

తర్వాత మా వడ్లాయన వచ్చిండు. ముందుగాల ఒక చిన్న అయస్కాంతం తీసి గోడ మీద అడ్డంగ జరుపుకుంట పోయిండు. బోర్డును చానల్‌కు, అంటే వెనక నిలువుగ ఉండే ఇనుప రేకు పట్టీకి, పట్టిచ్చిన స్క్రూలు ఉన్న కాడ అది టక్కున అతుక్కుంటది. ఆ చుక్కలు నిలువుగ ఒక్క వరుసల వస్తే లోపల జీఐ (జింకు పూత ఇనుము) చానల్ ఉన్నట్టు. మా ఇంట్ల చానల్‌కూ చానల్‌కూ రెండు అడుగులు. స్టాండు అంత వెడల్పు లేదాయె, పైగ రేకు అర మిల్లీమీటరే. దానికే నేరుగ బిగిద్దామంటే "అది డబ్బా రేకు సారూ, రెండుసార్లు తిప్పితే మర పోతది" అన్నడు.

అందుకని చానళ్ల నడుమ బోర్డు కోసి తీసి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కూర్చిండు. చానల్‌కు ఒక దిక్కు నోరు తెరిచి ఉంటది, అటు చెక్క రీపరు దూర్చి, ప్లైను దానికి బిగించిండు. ఇటు దిక్కు చానల్ వీపుకే స్క్రూలు. ప్లై బోర్డు వెనకకు ఆనేటట్టు ఉండాలె, మధ్యల సందు ఉండొద్దు. మళ్ల బోర్డు మూసి, అతుకుల మీద టేపు, పుట్టీ, రంగు. స్టాండుతోని వచ్చే పొడుగు స్క్రూలు పక్కన పెట్టి 40 మిల్లీమీటర్ల చెక్క స్క్రూలు వాడిండు. బోర్డూ ప్లై కలిపి ముప్పై మిల్లీమీటర్ల చిల్లరే, ఇంకా పొడుగైతే వెనక కరెంటు తీగకు తగులుతది.

గోడ కోయడం ఇష్టం లేకుంటే, బయటనే రెండు మూడు చానళ్లను కలుపుకుంట వెడల్పాటి ప్లై పలక కొట్టించి దాని మీద లామినేట్ వేయించుకోండి. చూడనీకి మంచిగనే ఉంటది. కిరాయి ఇల్లైతే మాత్రం టేబుల్ మీదనే పెట్టుకోండి. బోర్డు అడుగున చెమ్మ ఉన్నా అంతే, తడిసిన జిప్సం గోరుతో గీకితే రాలుతది.

ఇంకొకటి. బోర్డు మూసే ముందర గోడకు కొలత టేపు ఆనించి ఫోన్ల ఒక ఫొటో కొట్టుకోండి. మొన్న ఏసీ స్విచ్చు జరపాల్సొస్తే ఆ ఫొటోనే చూసినం.