అరటిపండు వాసన వస్తే బీరు పాడైనట్టు కాదు

అన్నా, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ పోయి మైక్రోబ్రూవరీల (బీరు అక్కడనే తయారుచేసి పోసే చోటు) హెఫెవైజెన్ అనే గోధుమ బీరు తాగితే మసక మసకగ ఉంది, అరటిపండు వాసన కొట్టింది, పాడైందని సగంలనే వదిలేసిన అని రాసిండ్రు. పాడైన బీరు కాదన్నా అది. దాని గుణమే అది.

మనకు అలవాటైన సీసా బీరు వడపోసిన లాగర్ రకం, అందుకే అద్దం లెక్క ఉంటది. జర్మన్ భాషల హెఫె అంటే ఈస్ట్, అంటే బీరును పులియబెట్టేది, వైజెన్ అంటే గోధుమ. దీన్ని వడపోయకుండనే పోస్తరు. గోధుమల ప్రొటీన్, ఈస్ట్ కలిసి ఆ మసక. పులిసేటప్పుడు ఆ ఈస్టే ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం పుట్టిస్తది, పండిన అరటిపండ్ల వాసన కూడ దానిదే. జర ఆగి వాసన చూస్తే లవంగం కూడ తగుల్తది. పొద్దుగాల దింపిన ఈత కల్లు తెల్లగ ఉందని పారబోస్తమా?

నిజంగ పాడైతే తడిసిన అట్టపెట్టె వాసనో, వెన్న వాసనో వస్తది, లేకుంటే వెనిగర్ లెక్క పుల్లగ ఉంటది. అట్లుంటే మొహమాటపడకుండ వాపస్ ఇయ్యండి.

ఈసారి పోతే ముందుగాల చిన్న గ్లాసుల రుచి చూపియ్యమని అడగండి. మరీ గడ్డకట్టే చలువ వద్దు, 7-8 డిగ్రీల దగ్గరనే వాసన బాగ తెలుస్తది. తేటగ ఉన్నదే కావాలంటే పిల్స్‌నర్ అనే లాగర్ రకం తీసుకోండి. కానీ గోధుమ బీరుకు ఇంకోసారి అవకాశం ఇయ్యండన్నా, నాకు రెండో గ్లాసు కాడనే నచ్చింది.