స్ట్రిప్ వెలుగు తగ్గించబోతే పొగ వచ్చింది

ప్రశ్న: పూజగదిలో 12 వోల్టులు, 2 ఆంపియర్ల ఎల్ఈడీ స్ట్రిప్‌కు వరుసలో 1కె (వెయ్యి ఓమ్‌ల) పొటెన్షియోమీటర్, అంటే తిప్పి నిరోధం మార్చే నాబ్, కలిపాను. తిప్పగానే కాలిపోయింది. ఎందుకు?

జవాబు: ఆ చిన్న పొటెన్షియోమీటర్ తట్టుకునేది అర వాట్ లోపే. పూర్తి వెలుగు వైపు తిప్పేకొద్దీ మిగిలిన కాస్త కార్బన్ పట్టీ మీదుగానే కరెంటంతా పోతుంది. మాడేది అక్కడే. కరెంటును అడ్డుకోవడం మానేసి, స్ట్రిప్‌ను సెకనుకు వెయ్యికి పైగా సార్లు ఆర్పి వెలిగించాలి. ఆరి ఉండే వాటా పెరిగేకొద్దీ కంటికి వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆ పనికి 555 ఐసీ (టైమర్ చిప్) తీసుకోండి. 4, 8 పిన్నులు ప్లస్‌కు, 1 మైనస్‌కు. 8, 7 మధ్య 1కె రెసిస్టర్. 7 నుంచి 100కె పొటెన్షియోమీటర్ మధ్య కాలికి. దాని రెండు చివరల నుంచి 1ఎన్4148 డయోడ్లు, ఒకదానికొకటి ఎదురు దిశలో, కలిపేసిన 2, 6 పిన్నులకు. అక్కడినుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్. 3వ పిన్ను నుంచి 100 ఓమ్‌ల మీదుగా స్విచ్‌లా పనిచేసే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ గేటుకు. దాని అక్షరాలు మనవైపు ఉంచితే కాళ్లు ఎడమ నుంచి గేటు, డ్రెయిన్, సోర్స్. సోర్స్ మైనస్‌కు, డ్రెయిన్ స్ట్రిప్ మైనస్‌కు. స్ట్రిప్ ప్లస్ నేరుగా అడాప్టర్‌కే.

కెపాసిటర్ మీద 103 (అంటే 0.01 మైక్రోఫారడ్) అని ఉందో లేదో చూడండి. పొరపాటున పది రెట్లు పెద్దదైన 104 వేస్తే వేగం సుమారు 140 హెర్ట్జ్‌కు (సెకనుకు 140 సార్లకు) పడిపోయి ఫోన్ కెమెరాలో చారలు కనిపిస్తాయి. 2 ఆంపియర్లకు హీట్‌సింక్ దండగ. మాస్‌ఫెట్ వెనక రేకు మాత్రం డ్రెయినే, దేనికీ తగలనివ్వకండి.