బైపాస్ పడ్డాక పాత హైవే వంతెన ఎవరిది?

పాత హైవే మీద వాగు వంతెన పిట్టగోడ కూలిందని, హైవే వాళ్లు "ఇప్పుడు మాది కాదు" అంటుంటే ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) వాళ్లు "మాకింకా అప్పగించలేదు" అంటున్నారని అడిగారు. నేను ఆర్ అండ్ బీలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేసి రిటైరయ్యాను. ఆ రెండో మాట నేనూ చాలామందికి చెప్పినవాణ్ణే.

వంతెనకు విడిగా యజమాని ఉండడండి. రోడ్డు ఎవరిదో వంతెనా వాళ్లదే. 1956 జాతీయ రహదారుల చట్టం 4వ సెక్షన్ హైవేతో పాటు దాని మీది వంతెనలు, కల్వర్టులు కూడా కేంద్రానివేనంటుంది. ఆ రోడ్డును జాతీయ రహదారుల జాబితాలోంచి తీసేయాలంటే 2వ సెక్షన్ కింద కేంద్రం గెజిట్ ఇవ్వాలి. బళ్లు బైపాస్ ఎక్కినంత మాత్రాన పాతది రాష్ట్రానికి వచ్చినట్టు కాదు.

రాష్ట్రానికి అప్పగించేముందు పాత రోడ్డును ఒకసారి బాగుచేసి ఇవ్వడం రివాజు, 'వన్ టైమ్ ఇంప్రూవ్‌మెంట్' అంటాం. తిరకాసంతా అక్కడే. నేనొకసారి అలాంటి పాత హైవే ముక్కొకటి మా శాఖ తరఫున తీసుకోవడానికి వెళ్తే తారు నల్లగా నిగనిగలాడుతోంది. వంతెన కిందకి దిగి చూద్దామంటే "ఈ ఎండలోనా? పైన బాగానే ఉందిగా సార్" అన్నారు హైవే వాళ్లు. నేనొక్కణ్ణే తుమ్మముళ్లు తప్పించుకుంటూ దిగాను. రెండో పియర్ (వంతెన స్తంభం) మీద, శ్లాబు బరువు ఆనే బేరింగు పక్కనే, మోకాలెత్తు రావి మొక్క! వేరు పగులులోకి దిగింది. నీళ్లు పోయే గొట్టాలు మట్టితో పూడిపోయాయి. పైకొచ్చి చూస్తే ఎక్స్‌పాన్షన్ జాయింట్ల మీద (శ్లాబు సాగడానికి వదిలే సందుల మీద) కూడా తారు పరిచేశారు. శ్లాబు ఎండకు సాగితే ఆ తారు చిట్లి, వాననీళ్లు నేరుగా బేరింగుల మీదకి దిగుతాయి.

అవన్నీ రాసిచ్చాను. సంతకాలు ఏడు నెలలు ఆగాయి. గుంట పడితే పూడ్చే దిక్కులేక ఊళ్లో అందరూ నన్నే తిట్టారు. అయినా చేసింది తప్పనుకోను. తీసేసుకున్నాక బేరింగులు మార్చాల్సొస్తే మా మెయింటెనెన్స్ డబ్బు ఏ మూలకీ రాదు. మొక్క పీకారు, జాయింట్లు బాగుచేశారు. వంతెన డ్రాయింగులు మాత్రం నేను రిటైరయ్యేదాకా రానేలేదు.

మీరు ఉత్త అర్జీ పెడితే అది రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. సమాచార హక్కు కింద హైవే వాళ్లకొకటి, ఆర్ అండ్ బీ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఆఫీసుకొకటి దరఖాస్తు వేసి, గెజిట్ నకలు, అప్పగింత కాగితం, జాయింట్ ఇన్‌స్పెక్షన్ నోటు (ఇద్దరూ కలిసి చూసి రాసినది) అడగండి. గెజిట్ లేదంటే హైవే వాళ్లని వదలొద్దు. అప్పగింత కూడా అయిపోయుంటే ఈఈ దగ్గరికెళ్లండి. ఈలోగా గోడ కూలినచోట రాత్రిపూట కనబడేలా సున్నం కొట్టిన డ్రమ్ములైనా పెట్టించండి, పంచాయతీ వాళ్లతోనైనా సరే.