కొట్టకపోయినా గృహహింసే

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఒక పాప. మా ఆయన ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. కానీ నా ఏటీఎం కార్డు, ఓటీపీలు వచ్చే ఫోను ఆయన దగ్గరే ఉంటాయి. బస్సు ఛార్జీలకూ అడుక్కోవాలి. నోరెత్తితే ‘ఇల్లు మా అమ్మ పేరున ఉంది, బయటికి నడు’ అంటారు. పోయిన నెల అన్నంత పనీ చేశారు. తెనాలిలో పుట్టింట్లో ఉంటున్నా. ఆయన్ని జైలుకి పంపాలని లేదు. దారేమిటి? - ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఒంటి మీద దెబ్బ లేకపోతే కేసు నిలవదని చుట్టాలు చెప్పే ఉంటారు. నమ్మకండి. 2005 గృహహింస చట్టం మాటలతో వేధించడాన్నీ, డబ్బు అందకుండా కట్టడి చేయడాన్నీ హింసగానే చెబుతోంది. మీ బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. జీతం పడిన రోజే ఆయన ఖాతాకి వెళ్లినట్టు కనిపిస్తే, అది పది మంది సాక్షుల పెట్టు. ‘నడు’ అన్న వాట్సాప్ మెసేజీలుంటే చెరపకండి. ముందుగా బ్యాంకుకి వెళ్లి ఖాతాకి మీ నంబరు పెట్టించి, పాత కార్డు బ్లాక్ చేయించండి. దీనికి ఏ కోర్టూ అక్కర్లేదు.

ఇల్లు అత్తగారి పేరున ఉండటం అడ్డు కాదు. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా కోడలు నివాస హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో తేల్చింది. అయితే అత్తగారిని ఖాళీ చేయించి ఇల్లు మీకిమ్మంటే కుదరదు. ఆ ఇంట్లో కలిసి ఉండలేననుకుంటే, వేరే ఇల్లు చూపమనో అద్దె కట్టమనో కోరవచ్చు. పాప కస్టడీ, ఖర్చులు, మీ బంగారం కూడా గృహహింస చట్టం కింద వేసే ఒకే పిటిషన్‌లో అడగండి.

తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనూ వేయవచ్చు కాబట్టి, తెనాలి మేజిస్ట్రేట్ కోర్టు చాలు. అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది గానీ, మన కోర్టుల్లో వాయిదాల సంగతి తెలిసిందే. అందుకే తుది తీర్పు వచ్చేలోగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వులు మొదటి రోజే అడగాలి. ఈ పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్టు ఉండదు. మిమ్మల్ని వేధించొద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వుల్ని ధిక్కరిస్తేనే ఏడాది దాకా జైలు.

పెద్దమనుషుల్లో పెడతామంటే వెళ్లండి, కానీ ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టొద్దు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది; ఫోను 15100. మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారి పిటిషన్ వేయడానికి సాయపడతారు. సలహాకైతే 181, ఇంటి మీదికొచ్చి గొడవ చేస్తే వెంటనే 112.