భూమికి డబ్బు తీసుకున్నాం, ఇక ఊటనీళ్ల మీద మాకు హక్కు లేనట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో గుప్తేశ్వరం వైపు, సున్నపురాయి కొండల కింద ఊరు. రోడ్డు వెడల్పు చేయడానికి కొండ తవ్వుతుంటే పెద్ద బిలం బయటపడింది. అడుగున నీళ్లు పారుతున్నాయి. రెండు రోజులకే మా ఊటబావి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. కాంట్రాక్టర్ మనుషులు బిలంలో టిప్పర్లతో మట్టి పోసి, కాంక్రీటు నింపేస్తామంటున్నారు. అడిగితే ‘మీ భూమికి పరిహారం తీసుకున్నారు కదా’ అంటున్నారు. జయపురం కోర్టులో స్టే తెమ్మని మా బావమరిది సలహా. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పరిహారం టెన్షన్ వదిలేయండి. మీరు డబ్బు తీసుకున్నది భూమికి. ఊరి తాగునీటిని పాడుచేసే హక్కు ఆ డబ్బుతో ఎవరికీ రాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం రెండో సెక్షన్ చూడండి. ‘ప్రవాహం’ అనే మాటలో నదితో పాటు భూగర్భ జలాలనూ చేర్చారు. అంటే మీ కొండ కడుపులో పారేది చట్టం లెక్కలో ఏరే. 24వ సెక్షన్ ప్రకారం ప్రవాహంలోకి గానీ బావిలోకి గానీ కలుషిత పదార్థాన్ని తెలిసి వదలకూడదు. ఆ ‘తెలిసి’ అన్న మాట దగ్గరే వాళ్లు తప్పించుకోవాలని చూస్తారు. అందుకే ఇవాళే రోడ్డు పనుల ఇంజినీరుకు, కాంట్రాక్టర్‌కు, సబ్‌కలెక్టర్‌కు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. బిలం ఏ తేదీన బయటపడింది, నీళ్లు ఏ తేదీన తెల్లబడ్డాయి, రెండూ అందులో ఉండాలి.

మామూలు నేలలో వాననీరు మట్టి, ఇసుక పొరల్లో వడకట్టుకుంటూ మెల్లగా దిగుతుంది. సున్నపురాయిలో రాయి కరిగి ఏర్పడిన దారుల్లో గొట్టంలో పోయినట్టు పోతుంది. పైన పడ్డ బురద, డీజిలు గంటల్లోనే బావికి చేరొచ్చు. ఆ దారిని కాంక్రీటుతో మూస్తే మీ బావి ఎండిపోవచ్చు, నీరు ఇంకోచోట పైకి తన్ని రోడ్డే కుంగిపోవచ్చు. కాబట్టి రోడ్డు ఆపమని అడగకండి. భూగర్భ నిపుణులు వచ్చి చూసేదాకా బిలం దగ్గర పేలుళ్లు, పూడిక ఆపమనండి. హాని లేని రంగు కలిపి నీరు ఎటు పోతోందో పరీక్షించమనండి. బిలం మీద నుంచి కాంక్రీటు స్లాబు వంతెనలా దాటించమని, రోడ్డు మీది వాననీరు బిలంలోకి పోకుండా వేరే కాలువ కట్టమని అడగండి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

సాక్ష్యం కోసం గాజు సీసాలో బావినీళ్లు పట్టి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి ఎంత పేరుకుందో స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఆ ఫోన్ అమ్మేయకండి. ఫోటో ఆ ఫోన్‌తోనే తీశారని కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది.

మీ బావమరిది గారు మంచికే చెప్పారు గానీ, సివిల్ కోర్టు దారి మూసుకుపోయింది. ఇలాంటి పర్యావరణ వివాదాలను 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసుల ప్రత్యేక న్యాయస్థానం) చట్టం 29వ సెక్షన్ సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. పైగా 2018 సవరణతో, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు అడ్డొచ్చే ఇంజంక్షన్లను (పని ఆపమనే కోర్టు ఉత్తర్వులను) స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్ వద్దంటోంది. మీరు వెళ్లాల్సింది ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచ్‌కి. సమస్య మొదలైన రోజు నుంచి 6 నెలల్లో వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆపైన ఇవ్వరు. నష్టపరిహారం అడగడానికైతే 5 ఏళ్ల గడువుంది. మధ్యంతర స్టే ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా.

అంతదాకా ఆగలేరు కాబట్టి, నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద సబ్‌కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. జనానికి హాని చేసే పనిని ఆపించే పాత సీఆర్‌పీసీ 133వ సెక్షనే ఇది. ఆ నీళ్లు తాగేది మీ ఒక్క ఇల్లే కాదు కదా, పరజ, గదబ గిరిజన వాడల వాళ్లనూ కలుపుకుని పల్లీసభ (ఒడిశాలో ఊరి స్థాయి గ్రామసభ) తీర్మానం చేయించండి. నీటి వనరులను కాపాడే అధికారం 2006 నాటి అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అటవీ హక్కుదారులున్న చోట వాళ్లకూ, గ్రామసభకూ ఇచ్చింది. తీర్మానం ఒడియాలోనే రాయించండి, ఆఫీసులో సాకులు చెప్పడానికి ఉండదు.

కాంట్రాక్టర్ ‘బోరు వేయిస్తా, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే బోరు వేయనివ్వండి, సంతకం మాత్రం పెట్టకండి. ముందు ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి.